నోటికి అందని తెలివి

పులి పులులవుతుంది, గది గదులవుతుంది, మనిషి ఏకంగా మనుషులవుతాడు. పార్టీ మాత్రం పార్టీలే. ‘లు’ చేరితే ముందున్న పొట్టి ఇకారం ఉకారమవుతుందనీ, దీర్ఘమైతే చెక్కుచెదరదనీ పిల్లలకు ఏ అమ్మా చెప్పదు. ఆమెకే ఆ సంగతి తెలియదు. అయినా బడి ముఖం చూడకముందే పిల్లల నోట ఇవి సరిగ్గా పలుకుతాయి. వ్యాకరణవేత్త ఆ నియమాన్ని రాశాడు కదా, ఇక చెప్పలేనిదేముంది అనవచ్చు. నిజమే, కానీ అతను నలుగురి మాటలూ పోగుచేసి, పోల్చి చూసి రాశాడు. తన మనసులోకి తొంగిచూసి చదివింది కాదు. అంటే మన బుర్ర చేసే పని విషయంలో మనమూ బయటినుంచి చూసేవాళ్లమే.

క్రికెట్ క్యాచ్ సంగతీ అంతే. గాల్లోకి లేచిన బంతి ఎక్కడ పడుతుందో ఫీల్డరు ముందే లెక్కగట్టి అక్కడికి పరిగెత్తుతాడని మనం అనుకుంటాం. పరిశోధకులు పీటర్ మెక్లియోడ్, జోల్టన్ డైన్స్ 1993లో ‘నేచర్’ పత్రికలో చూపించింది వేరు. బంతి మీద నిలిపిన చూపు పైకి లేస్తూనే ఉండాలి, కానీ లేచే వేగం రానురాను తగ్గాలి. అది కుదిరేలా ఫీల్డరు తన పరుగును సర్దుకుంటాడు. ఇంకా తమాషా ఏమిటంటే, తర్వాతి పరిశోధనలో చక్కగా క్యాచ్ పట్టేవాళ్లనే అడిగితే, చూపు మొదట పైకి వెళ్లి తర్వాత కిందికి దిగుతుందని చాలామంది చెప్పారు. చేతులు చేసేది ఒకటి, నోరు చెప్పేది ఇంకొకటి.

ఒకప్పుడు తెలిసి నేర్చుకున్నదే అలవాటయ్యాక మరిచిపోయామేమో అనే సందేహం ఉంది. గేర్లు మార్చడం లాంటి వాటికి అది సరిపోతుంది. అన్నిటికీ కాదు. మూర్ఛకు చికిత్సగా అమెరికాలో 1953లో హెన్రీ మోలైసన్ మెదడులో రెండు వైపులా కొంత భాగం తీసేశారు. ఆ తర్వాత జరిగేవేవీ ఆయనకు గుర్తుండేవి కావు. మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల వెంట గీయించారు. మూడు రోజుల్లో చేయి తిరిగింది, తప్పులు బాగా తగ్గాయి. ఆ పని ముందు చేసిన జ్ఞాపకం మాత్రం ఆయనకు లేదు. తెలిసి నేర్చుకున్నదేదీ లేకుండానే నేర్పు వచ్చింది.

అలాగని ‘నాకెందుకో అనిపిస్తోంది’ అన్న ప్రతి మాటనూ నమ్మాలా? అక్కర్లేదు. పరిస్థితుల్లో ఒక క్రమం ఉండి, చేసింది ఒప్పో తప్పో వెంటనే తెలిసే చోటే అలాంటి తెలివి పదునెక్కుతుందని మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ 2009లో తేల్చారు. బంతి క్షణాల్లో తీర్పు చెబుతుంది. ఉద్యోగాల ఇంటర్వ్యూలో మనిషిని చూడగానే అంచనా కట్టేస్తామనే పెద్దలకు ఆ అదృష్టం లేదు: వాళ్లు వద్దని పంపేసిన మనిషి ఎలా పనిచేసేవాడో వాళ్లకు ఎన్నటికీ తెలియదు.