జంషెడ్‌పూర్ పొలాలు: ఏప్రిల్ చిత్రంలో బీడు, అక్టోబర్ చిత్రంలో పంట

సుబర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోట ఉంది జంషెడ్‌పూర్. 1907లో టాటాల ఉక్కు కంపెనీ ఏర్పడే నాటికి అక్కడున్నది సాక్చి అనే పల్లె. ఇప్పుడు నదులు, కర్మాగారం, కాలనీలు, ఉత్తరాన దల్మా కొండల అడవి, చుట్టూ వరి పొలాలు ఒకే ఉపగ్రహ చిత్రంలో పడతాయి. ఏది ఎంత మేర ఉందో లెక్కతీసేదే భూ వినియోగ వర్గీకరణ.

ఉపగ్రహంలోని సెన్సర్ నేల నుంచి తిరిగొచ్చే వెలుతురును వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో కొలుస్తుంది. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనపడని సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది. నీరు ఆ పరారుణాన్ని దాదాపు మింగేస్తుంది. తెలిసిన చోట్లను నమూనాలుగా ఇస్తే, మిగతా పిక్సెళ్లు వేటిని పోలి ఉన్నాయో కంప్యూటర్ తేలుస్తుంది. చిక్కల్లా కాంక్రీటు, ఎండిన మట్టి దగ్గరే. ఈ కొలతల్లో రెండూ కవలల్లా ఉంటాయి.

జంషెడ్‌పూర్ చుట్టూ వరి ఎక్కువగా వానాధారమే, ఏటా ఒకే పంట. మబ్బుల్లేని చిత్రం సులువుగా దొరికే ఏప్రిల్‌లో ఆ పొలాలు ఒట్టి మట్టి. కంప్యూటర్ వాటిని బీడు అనవచ్చు, కట్టడం అని కూడా అనవచ్చు. దల్మాలో ఆకు రాల్చిన చెట్లూ అప్పుడు పలచగానే కనిపిస్తాయి. అదే పొలం అక్టోబర్‌లో నిండు వరి. ఆదివాసీ రైతుల భూములు చేతులు మారకుండా 1908 నాటి ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం కాపు కాస్తున్న ప్రాంతమిది. పరిశ్రమలకు స్థలం వెతికే అధికారి ముందు ‘బీడు’ రంగు పూసిన పటం పెడితే, అది చిన్న సాంకేతిక లోపంగా మిగలదు.

విరుగుడు లేకపోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2004-05 నుంచి ఖరీఫ్, రబీ, వేసవి చిత్రాలను కలిపి దేశమంతటికీ పటాలు వేస్తోంది. అయితే అందులో వాడిన చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ 56 మీటర్లు, అంటే ముప్పావు ఎకరం. చిన్న మడులు అందులో కలిసిపోతాయి. సెంటినెల్-2లో పిక్సెల్ 10 మీటర్లు, సుమారు రెండున్నర సెంట్లు. నాట్లు పడే వానాకాలంలో మబ్బులు దాటి చూడగలిగేది రాడార్ మాత్రమే.

అన్నీ కుదిరినా, ఉపగ్రహం చూసేది నేల మీది కప్పును. దాని వాడకాన్ని కాదు. హెక్టారుకు మించిన స్థలంలో చెట్ల గొడుగు 10 శాతం దాటితే, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో యాజమాన్యంతో నిమిత్తం లేకుండా అది అటవీ విస్తీర్ణమే. ఆ నిర్వచనం ప్రకారం ఊరి మధ్య జూబిలీ పార్కు చెట్లు, ఏనుగులు తిరిగే దల్మా అడవి ఒకే ఖాతాలోకి రావచ్చు.

ఇలాంటి పటాలకు ‘90 శాతం కచ్చితత్వం’ అని రాయడం మామూలు. నేల మీద వంద చోట్ల సరిచూస్తే తొంభై సరిపోయాయని దానర్థం. తప్పిన పదీ నదిలోనా, కర్మాగారంలోనా, పొలాల్లోనా అన్నది విడిగా పట్టికలో ఉంటుంది. ముందు చూడాల్సింది ఆ పట్టిక, దాంతోపాటు చిత్రం తీసిన తేదీ.