విశ్వవిద్యాలయ సభలో కొండ విత్తనములు

ఆగస్టు 9వ తేదీని లోకమంతట ఆదివాసి దినముగా జరుపుచున్నారు. ఐక్యరాజ్యసమితి 1994లో దీనిని నిర్ణయించెను. ఆ దినమున మన విశ్వవిద్యాలయములలోను సభలు జరుగుచుండును. అట్టి యొకదానికి మేమును పోయియుంటిమి.

అరకులోయనుండి వచ్చిన స్త్రీలు ఒకరి వెన్నుమీదుగా నొకరు చేతులు పెనవైచి, బారుదీరి థింసా ఆడిరి. మోరి, డప్పు, తుడుము మ్రోగుచుండగా కుర్చీలలోని పెద్దలుకూడ కాలు కదపక యుండలేకపోయిరి. ఉపన్యాసములు మాత్రము దీర్ఘములు. ఈ దోషము మన సహకార సభలకును గలదు కనుక మేమేమియు ననజాలము.

వెలుపల నొక బల్లపై గాజుసీసాలలో సామలు, చోళ్లు, కొర్రలు, వలిసెలు, కందులు పోసి పేళ్లు వ్రాసి యుంచిరి. ఒక ముసలమ్మ సీసా నొకదాని నెత్తి చూచి, “బాబూ, ఈ ఇత్తనాలు ఏ యేటివి? మొలుత్తాయా?” అని కావలియున్న విద్యార్థి నడిగెను. ఆ చిన్నవాడు సీసా వంకను, ఆమె వంకను చూచి యూరకుండెను.

రైతు సోదరులకు ఈ ప్రశ్న విలువ చెప్పనక్కరలేదు. విత్తనము విత్తుటచేతనే బ్రతుకును. సీసాలో పెక్కేండ్లున్నచో దాని మొలకశక్తి తగ్గును. మన్యమున చైత్రమాసమందు ఇటుకల పండుగ చేయుదురు. పలు గ్రామములలో ఇంటింటి విత్తనమును దేవత ముందుంచి పూజించి, పిదప దానినే దుక్కిలో చల్లుదురు. మామిడికొత్త, కందికొత్త, సామకొత్త యని పంటపంటకును పండుగ గలదు. అది గడచువరకు ఆ పంటను నోటవేసికొనరాదు. లేతకాయ తెంపబోవు చేయి యాగును, గింజ ముదురును, మరుసటి యేటికి విత్తనము మిగులును.

కొండవాలున పైరులను కలిపి విత్తుదురు. సామలు ముందు కోతకు వచ్చును, చోళ్లు పిదప. కందులు సంక్రాంతివరకు నిలుచును. వాన తప్పి యొకటి పోయినను మరియొకటి కుటుంబమును గాచును. అట్లని పోడునంతటిని మేము పొగడబోము. వెనుక కొండచరియను పెక్కేండ్లు బీడు విడిచెడివారు. ఆ గడువు కురుచపడినచోట మన్ను గెడ్డలపాలగుచున్నది.

అట్టి చరియలలో పెక్కింటికి కాఫీతోటలు మరల నీడ తెచ్చినవి. పైని సిల్వరుఓకు చెట్లు, వానికి ప్రాకిన మిరియపు తీగెలు, క్రింద కాఫీ. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థయు, 1995నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద అరకులో నెలకొన్న సన్న, చిన్నకారు గిరిజన రైతుల సంఘమును ఈ పంటను కొనుచుండుటచే, దళారి కాటాయే రైతునకు దిక్కు కాలేదు. కాని 2025లో అరకు ప్రాంతమున కాఫీ కాయతొలుచు పురుగు కనబడి, సోకిన తోటలలో పండ్లను కోసి నాశనము చేయవలసి వచ్చెను. అట్టి యేట ఇంట సామలున్నవాడు తిండిగింజలకై అప్పు చేయనక్కరలేదు.

అయినను సామల సాగేల తగ్గుచున్నది? దంచుట యాడువారికి బండచాకిరి. చౌక డిపోలో బియ్యము సిద్ధముగా నుండును. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా జరిపినను, దంపుడు మర లేని గ్రామమున రోకలి బరువు తగ్గలేదు. సంఘములు పూనవలసిన పని యిచ్చట నున్నది.

విద్యాధికులకును పని లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలయొద్ద శిష్యుడై వారి భాష నేర్చి, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. (వాడుకభాషకై పోరాడిన ఆయన మా యీ గ్రాంథికమును చూచినచో మందలించియుందురు.) 2019లో స్థాపితమైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము విజయనగరముననే యున్నది. అచ్చటి విద్యార్థులు ఆ ముసలమ్మవంటి వారివెంట ఒక విత్తులకాలము చేలలో నడచినచో, ఏ విత్తనము ఏ చరియకు తగునో వ్రాసికొనవచ్చును.

ఈలోపల మన సభ్యులు చేయదగినది గలదు. ఇంట దాచిన ప్రతి విత్తనమునుండి నూరు గింజలు లెక్కించి, తడిగుడ్డలో చుట్టి, నీడపట్టున నుంచి, గుడ్డ ఆరనీయక వారము దినములు చూడుడు. ఎన్ని మొలచినవో, విత్తనము ఏ యేటిదో సంఘపు గుమాస్తాకు తెలిపి పుస్తకమున వ్రాయింపుడు. ఇచ్చిపుచ్చుకొనుటకు మిగులు గలవారు ఆ మాటయు చెప్పవలెను.