మద్రాసు తీర ఫిరంగులు చెప్పే పాఠం

చెన్నై సెయింట్ జార్జి కోట ఫిరంగులే నగరాన్ని కాపాడాయన్న నమ్మకానికి చరిత్ర పూర్తిగా వత్తాసు పలకదు. 1746లో ఫ్రెంచి నౌకాదళం కొద్ది రోజుల్లోనే కోటను లొంగదీసుకుంది. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ ముట్టడిని కోట తట్టుకుంది నిజమే, కానీ అది ముగిసింది బ్రిటిష్ ఓడలు వచ్చాకే. 1914 సెప్టెంబరు 22 రాత్రి, బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగి ఏడు వారాలైనా మద్రాసు తీరంలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. జర్మన్ నౌక ఎమ్డెన్ ఆ వెలుగు ఆధారంగా రేవు దగ్గరికి వచ్చి, చమురు ట్యాంకులను తగలబెట్టింది.

తీర ఫిరంగులు బదులు కాల్చబట్టే అది తప్పుకుందని కొందరు వాదించవచ్చు. కానీ ఆ నౌకకు దెబ్బే తగల్లేదు. మెరుపుదాడి చేసి మాయమవడమే దాని పద్ధతి. ఫిరంగులు వృథా అని కాదు. సముద్రం మీద నౌకాదళం, ఒడ్డున అప్రమత్తత తోడైతేనే అవి రక్షణ అవుతాయి.