షుగరు మాత్రలతో క్యాన్సరొస్తుందా?

అనంతపురం పల్లెల్లో 104 బండి దగ్గర మాత్రలకు నిలబడే ఆడవాళ్ల మధ్య ఒక మాట తిరుగుతుంటుంది: ‘ఈ బిళ్ళలు ఏండ్ల తరబడి మింగితే క్యాన్సరొస్తాదంట గదక్కా?’ ఈ భయం ఊరికే పుట్టలేదు. కొట్టిపారేయకుండా ఒక్కో మందునూ పేరు పెట్టి చూద్దాం.

అపోహ: షుగరు మందులన్నీ క్యాన్సర్ తెచ్చేవే.

వాస్తవం: గట్టి అనుమానం నిలిచింది పయోగ్లిటజోన్ మీద. మూత్రాశయ క్యాన్సర్ భయంతో 2011లో ఫ్రాన్స్ దాన్ని ఆపేసింది. మన కేంద్రం 2013 జూన్‌లో అమ్మకాలు నిలిపి, డాక్టర్లు అభ్యంతరం చెప్పాక జులై ఆఖరుకు మళ్లీ అనుమతించింది. మొదటి మందుగా వాడొద్దని, హెచ్చరిక తప్పనిసరని షరతు పెట్టింది. జనానికి గుర్తున్నది నిషేధమొక్కటే. ముప్పు ఉన్నా చిన్నది, ఎక్కువకాలం వాడితే పెరిగేది. పైగా ఈ క్యాన్సర్ ఆడవాళ్లలో మగవాళ్లకంటే తక్కువ. మూత్రంలో రక్తం పడుతుంటే మాత్రం ఈ మందు వద్దు. రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లోనూ ఇది ఉంటుంది కాబట్టి అట్ట వెనక పేర్లు ఎవరితోనైనా చదివించుకోండి.

అపోహ: ఇన్సులిన్‌తో రొమ్ము క్యాన్సర్ వస్తుంది.

వాస్తవం: గ్లార్జిన్ ఇన్సులిన్ మీద 2009లో ఆ అలజడి రేగింది. పన్నెండున్నర వేల మందిని ఆరేళ్లకు పైగా గమనించిన పరిశీలన 2012లో క్యాన్సర్లు పెరగలేదని తేల్చింది.

అపోహ: మెట్‌ఫార్మిన్ క్యాన్సర్‌ను ఆపుతుంది.

వాస్తవం: ఇది చదువుకున్నవాళ్ల అపోహ. షుగరు లేని 3,600 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగులపై జరిగిన పరీక్షలో మెట్‌ఫార్మిన్ జబ్బు తిరగబెట్టకుండా ఆపలేదని 2022లో తేలింది. షుగరుకు మంచి మందు, అంతే.

అపోహ: డాపాగ్లిఫ్లోజిన్ మొదలయ్యాక కింద దురద, తెల్లబట్ట కనిపిస్తే అది క్యాన్సరే.

వాస్తవం: ఈ మందు చక్కెరను మూత్రంలోకి తోసేస్తుంది. ఆ తీపికి బూజు చేరి దురద పెడుతుంది. ఎక్కువగా మందుతో తగ్గిపోయేదే. సిగ్గుపడి దాచుకుని, మాత్ర మానేయడమే తప్పు. ఈ మందుతో మూత్రం ఎక్కువగా పోతుంది కాబట్టి ఎండలో చెనిక్కాయ పీకే రోజుల్లో నీళ్లు మాత్రం బాగా తాగాలి.

అపోహ: మాత్ర మానేస్తే క్యాన్సర్ భయం పోతుంది.

వాస్తవం: అసలు ముప్పు జబ్బు వైపే ఎక్కువ. షుగరున్న ఆడవాళ్లకు గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపు. ఒళ్లు పెరగడమూ అందులో ఒక కారణం. ముట్లు ఆగిపోయిన ఏడాది తర్వాత ఎర్ర మరక కనిపిస్తే అది ఈ క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు, కానీ మనవాళ్లు ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. నాకు కోపం తెప్పించేది ఈ మజ్జిగ వైద్యమే. సర్కారు పరీక్షల్లో చూసేది నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం. లోపలి పొర వాటికి దొరకదు. దానికి స్కానింగు, ముక్క పరీక్ష కావాలి. కాబట్టి నర్సమ్మ ‘అంతా బాగుంది’ అని రాసిచ్చిన చీటీ చేతిలో ఉన్నా, మరక కనిపిస్తే అనంతపురం పెద్దాసుపత్రిలోనో, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలోనో స్త్రీల డాక్టరుకు ఆ వారమే చూపించుకోండి.