షెల్ షాక్ వచ్చిన సైనికుణ్ణి సొంత ఆర్మీయే కాల్చేసింది: హ్యారీ ఫార్ కేసు

ఈసారి ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. మొన్న ఒక షార్ట్‌లో "యుద్ధం మధ్యలో వెనక్కొస్తే కాల్చెయ్యరా మరి, రిజైన్ చెయ్యడానికి అదేమైనా సాఫ్ట్‌వేర్ జాబా?" అని జోక్ వేశాను. లైకులు బాగానే వచ్చాయి. తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. "అన్నా, మా నాన్న ఆర్మీలో చేసి వచ్చారు. ఇప్పటికీ దీపావళి రోజు తలుపులన్నీ వేసుకుని లోపలి గదిలో కూర్చుంటారు. ఆయన పిరికివాడా?"

ఏం జవాబివ్వాలో తెలీలేదు. ఆ షార్ట్ తీసేశాను. అసలు యుద్ధాల్లో ఇలాంటివాళ్లని ఏం చేశారా అని చదువుతుంటే ఈ కేసు దొరికింది.

మొదటి ప్రపంచ యుద్ధం. హ్యారీ ఫార్ బ్రిటిష్ ఆర్మీలో మామూలు సిపాయి, వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్. యుద్ధానికి ముందు నుంచే ఆర్మీ మనిషి. 1915లో ఫ్రాన్స్‌లో ట్రెంచుల మీద రాత్రీ పగలూ గుండ్లు పడుతుంటే ఒంట్లో వణుకు మొదలైంది. ఐదు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు. చేతులు ఎంత వణికేవంటే, ఇంటికి ఉత్తరాలు నర్సు రాసిపెట్టేది. ఈ జబ్బుకి అప్పటికే పేరుంది. చార్లెస్ మయర్స్ అనే డాక్టర్ 1915 ఫిబ్రవరిలోనే లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో 'షెల్ షాక్' అని రాశాడు. కాబట్టి "అప్పట్లో ఎవరికీ తెలీదు కదా" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఫార్‌ని మళ్లీ ఫ్రంట్‌కి పంపారు. 1916లో ఇంకో రెండుసార్లు ఆస్పత్రి, మళ్లీ వెనక్కి. 1916 సెప్టెంబర్ 17న, సోమ్ యుద్ధం నడుస్తుండగా, ముందు వరుసకి వెళ్లమంటే "నావల్ల కాదు, తట్టుకోలేను" అన్నాడు. సార్జెంట్ మేజర్ బూతులు తిట్టి, నిన్ను కాల్పిస్తానని బెదిరించాడు. బలవంతంగా ఈడ్చుకెళ్లారు. విడిపించుకుని వెనక్కొచ్చేశాడు.

అక్టోబర్ 2న కోర్ట్ మార్షల్. అభియోగం: పిరికితనం. విచారణ పట్టిన టైమ్ సుమారు 20 నిమిషాలు. మన డైలీ స్టాండప్ మీటింగే ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సేపు సాగుతుంది. అతని తరఫున మాట్లాడే మనిషి లేడు, తన కేసు తనే చెప్పుకున్నాడు. అతని సంగతి తెలిసిన డాక్టర్ గాయపడి అక్కడ లేడు. ఆస్పత్రి రికార్డులు తెప్పించి చూద్దామని కూడా ఎవరూ అనుకోలేదు.

నన్ను ఆపేసింది తీర్పు కాదు, ఆ తర్వాత నడిచిన ఫైల్. మరణశిక్ష పడగానే అమలు చెయ్యరు. ఫైల్ కింది అధికారి నుంచి పైకి వెళ్తుంది, ఒక్కో లెవెల్‌లో ఒక్కో అధికారి అభిప్రాయం రాస్తాడు. వాళ్లు చూసేది మనిషి ఆరోగ్యం కాదు. ఈ సిపాయి పోరాటానికి పనికొస్తాడా? ఆ యూనిట్‌లో క్రమశిక్షణ ఎలా ఉంది? మిగతావాళ్లకి బుద్ధి చెప్పాల్సిన అవసరం ఉందా? ఇవీ ప్రశ్నలు. ఫార్ కెప్టెన్ ఏం రాశాడంటే, ఇతని నరాలు దేనివల్ల దెబ్బతిన్నాయో చెప్పలేను, కాల్పుల్లో మాత్రం నిలబడలేడు, అది పక్కన పెడితే నడవడిక చాలా మంచిది అని. ఒక్కసారి ఆలోచించండి, ఇది జబ్బు గురించి రాసినట్టు ఉందా, నేరం గురించి రాసినట్టు ఉందా? ఆ పైన ఉన్న అధికారి మాత్రం నేరం రుజువైందనీ, ఇతను పనికిరాడని తోటివాళ్లకీ తెలుసనీ రాశాడు. చివరి సంతకం కమాండర్ ఇన్ చీఫ్ డగ్లస్ హేగ్‌ది. అక్టోబర్ 16 తెల్లవారుజామున కార్నాయ్ అనే ఊరి దగ్గర కాల్చేశారు. వయసు 25. కళ్లకి గంతలు వద్దన్నాడని, ఇంతకంటే మంచి సైనికుడు లేడని అక్కడున్న పాస్టర్ అతని భార్యకి కబురు పంపాడు.

బ్రిటిష్ ఆర్మీ ఆ యుద్ధంలో 3,000 మందికి పైగా మరణశిక్ష వేసింది. నిజంగా కాల్చింది పదిమందిలో ఒకరిని. హత్య, తిరుగుబాటు కేసులు తీసేస్తే 306 మంది. అంటే ఒకే తప్పుకి తొమ్మిదిమంది బతికారు, ఒకడు పోయాడు. ఆ వారం ఆ యూనిట్‌కి ఒక 'ఎగ్జాంపుల్' కావాలా వద్దా అన్నదాన్ని బట్టి. హత్య కేసులతో కలిపి లెక్కేసినా కాల్చిన ఆఫీసర్లు ముగ్గురే. ఇదే షెల్ షాక్ ఆఫీసర్లకి వస్తే ఎడిన్‌బరాలో క్రెయిగ్‌లాక్‌హార్ట్ అని వేరే ఆస్పత్రే ఉండేది. ఇక ఆస్ట్రేలియా సైనికులు అవే ట్రెంచుల్లో ఉన్నారు, మరణశిక్షలు వాళ్లకీ పడ్డాయి, కానీ వాళ్ల ప్రభుత్వం ఒక్కరినీ కాల్చనివ్వలేదు. అలాగని వాళ్ల సైన్యం చెదిరిపోలేదు.

మనవాళ్ల సంగతి? ఆ యుద్ధానికి ఇండియా నుంచి 10 లక్షల మందికి పైగా సముద్రం దాటి వెళ్లారు. తెల్ల సైనికులకి కొరడా దెబ్బల శిక్ష 1881లోనే తీసేశారు. భారతీయ సైనికులకి మాత్రం 1920 దాకా ఉంచారు. ఇది నేను స్కూల్ పుస్తకంలో ఎక్కడా చదవలేదు.

ఫార్ భార్యకి పెన్షన్ ఆపేశారు. మూడేళ్ల పాపతో ఇల్లు వదిలి, ఇళ్లల్లో పనికి చేరింది. సిగ్గుతో దాదాపు 40 ఏళ్లు కూతురికి కూడా అసలు విషయం చెప్పలేదు. ఆ కూతురే తర్వాత ప్రభుత్వంతో పోరాడింది. 1993లో ప్రధాని జాన్ మేజర్ చరిత్రని తిరగరాయలేం అని క్షమాభిక్షకి ఒప్పుకోలేదు. 2006లో చట్టం వచ్చింది, 306 మందికీ క్షమాభిక్ష. ఇండియన్ ఆర్మీ యాక్ట్ కింద శిక్షపడి చనిపోయినవాళ్లనీ అందులో చేర్చారు. అయితే అదే చట్టంలో ఇంకో లైన్ ఉంది: ఈ క్షమాభిక్ష వల్ల అప్పటి నేర నిర్ధారణ గానీ శిక్ష గానీ రద్దవవు. రికార్డులో ఫార్ ఇంకా దోషే.

సమాధి ఎక్కడుందో తెలీదు. ఫ్రాన్స్‌లో థియెప్వాల్ స్మారకం మీద 72,000 పైచిలుకు పేర్లలో అతని పేరూ ఉంది.

మెసేజ్ పెట్టిన తమ్ముడూ, జవాబు లేటయ్యింది. కాదు, ఆయన పిరికివాడు కాదు. నాన్నగారికి నా నమస్కారం చెప్పు.