సౌష్ఠవం కింద సొరంగం

ఒక భవనం అందాన్ని అంచనా కట్టేటప్పుడు ముఖద్వారం దగ్గరే ఆగిపోతే వాస్తుశిల్పం మనకు సగమే అర్థమవుతుంది. మిగిలిన సగం వంటశాలలోనూ, గుర్రపుశాలలోనూ ఉంటుంది. ఇంగ్లండులో పశ్చిమ ససెక్స్ కొండల మీద ఉన్న అప్‌పార్క్ భవంతి ఇందుకు మంచి నిదర్శనం.

1690 ప్రాంతంలో ఎర్ర ఇటుకతో కట్టిన ఈ భవంతికి 18వ శతాబ్ది మధ్యకాలంలో రెండు అనుబంధ కట్టడాలు చేర్చారు. చెరొక పక్కన, కొంత ఎడంగా, కవలల్లా నిలిచిన కట్టడాలవి. వంట, చాకలి పనులకు ఒకటి, గుర్రాలకు మరొకటి. వంటశాలను దూరంగా పెట్టడానికి నిప్పు భయం, పొగ, వాసన వంటి కారణాలు లేకపోలేదు. కాని వాటిని జోడుగా తీర్చడంలో మరో ప్రయోజనం ఉంది. చూసేవారికి అవి పనిశాలలుగా కాక, భవంతి సౌష్ఠవాన్ని పూరించే అలంకారాలుగా కనిపిస్తాయి.

మరి వంటకాలు భోజనశాలకు చేరేదెలా? పచ్చిక మీదుగా పళ్లేలు మోసుకుపోయే మనుషులు కనబడితే ఆ చిత్రం చెదిరిపోతుంది. అందుకే ఆ కట్టడాలను భవంతి నేలమాళిగతో కలుపుతూ సొరంగాలు నిర్మించారు. శ్రమఫలం పైకి వస్తుంది. శ్రమజీవి కిందనే ఉండిపోతాడు. ఇక్కడ సౌష్ఠవమంటే కేవలం కొలతల పొందిక కాదు, ఒక వర్గపు కంటికి కలిగించిన సౌఖ్యం.

ఈ నేలమాళిగ ప్రపంచాన్ని దగ్గరగా చూసిన రచయిత ఎచ్.జి. వెల్స్. ఆయన తల్లి సారా 1880 నుంచి 1893 వరకు అక్కడ గృహనిర్వాహకురాలిగా పనిచేసింది. 1895లో వెలువడిన 'ది టైమ్ మెషీన్' నవలలో భూమిపై సుకుమారులైన ఎలోయిలు, పాతాళంలో యంత్రాలు నడిపే మోర్లాక్‌లు ఉంటారు. అప్‌పార్క్ సొరంగాల నీడ ఈ కల్పనపై పడిందని పలువురు విమర్శకులు భావించారు. అది సమంజసమే.

అయితే పోలిక చూపి ఊరుకుంటే విమర్శ పూర్తికాదు. శ్రామికుల వారసులైన మోర్లాక్‌లను వెల్స్ ఎలోయిలను తినే భయంకర జీవులుగా చిత్రించాడు. దోపిడీ చివరికి ఎటు దారితీస్తుందో హెచ్చరించాడు గాని, పాతాళంలోని మనిషికి మానవముఖం ఇవ్వలేకపోయాడు. సొరంగాన్ని చూడగలగడం ఆయన గొప్పతనం. అందులో నడిచినవారిని మనుషులుగా చూపలేకపోవడం ఆ నవల పరిమితి.

1989లో అగ్నిప్రమాదానికి గురైన ఈ భవంతిని పునరుద్ధరించి 1995లో తిరిగి తెరిచారు. దాన్ని మళ్లీ నిలబెట్టినవి కూడా వడ్రంగుల, తాపీ పనివారల చేతులే. కట్టడాన్ని మెచ్చుకునే కన్ను ఆ చేతులను కూడా చూడగలగాలి.