పూత లెక్క వేరు, కాయ లెక్క వేరు

సింహాద్రిపురం, లింగాల, పులివెందుల వైపు చీనీ (బత్తాయి) తోటలు పూతకొచ్చాయంటే ఊరి గాలికే వాసన పడుతుంది. నీళ్లు ఆపి చెట్టును బెట్టకు తెచ్చి, మళ్లీ తడి ఇచ్చి రప్పించుకున్న పూత అది. ఆ తెల్లదనం చూసి దిగుబడిని అంచనా వేసుకోవడం మామూలు. అయితే ఆ పూలల్లో నూటికి అయిదు కూడా కోతదాకా నిలవవు. నీటికి, ఎరువుకు లోటులేని తోటలోనూ అంతే. చెట్టు కింద పూలు, ఆవగింజంత పిందెలు పరుచుకుని కనిపిస్తే రైతుకు గుండె జారుతుంది, ఆ సాయంత్రమే మందుల కొట్టుకు ప్రయాణం కడతాడు. ఆ రాలడంలో చాలా భాగానికి జబ్బు కారణం కాదు. పువ్వు పూయడం చెట్టుకు చవక. కాయను ఎనిమిది తొమ్మిది నెలలు మోసి, తీపిని నింపడం చాలా ఖరీదు. ఆ ఖర్చు ఏ పువ్వు మీద పెట్టాలో చెట్టు ఏరుకుంటుంది. ఏరుకోవడానికి దానికి దొరికే ప్రధానమైన ఆనవాలు పువ్వు అందమూ కాదు, వాసనా కాదు, లోపల గింజ కట్టిందా లేదా అన్నది.

పువ్వు మధ్యలో అడుగున ఉండే పచ్చటి బుడిపె అండాశయం. రేపటి కాయ అదే. దానిలోపలి అండాలు రేపటి గింజలు. పుప్పొడి వచ్చి పైనున్న జిగురు కొన మీద, అంటే కీలాగ్రం మీద పడితే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. పుప్పొడి రేణువు ఆ జిగురులో మొలకెత్తి, సన్నని గొట్టాన్ని కిందికి దింపుతుంది. ఆ గొట్టంలో రెండు మగ కణాలు ప్రయాణిస్తాయి. ఒకటి అండకణంతో కలిస్తే పిండం ఏర్పడుతుంది. రెండోది పక్కనున్న మరో కణంతో కలిస్తే ఆ పిండానికి కావలసిన తిండి తయారవుతుంది. ఈ జంట కలయికను 1898లో రష్యన్ శాస్త్రవేత్త నవాషిన్ కనిపెట్టాడు. మనం తినే అన్నం, జొన్నరొట్టె, రాగిసంగటి చాలా వరకు ఆ రెండో కలయిక ఫలితమే, పిండం కోసం దాచిన సద్దిని మనం వండుకుంటున్నాం. మొక్కల్లో ఆడామగా ఉన్నాయన్న సంగతిని ప్రయోగంతో నిలబెట్టింది అంతకు రెండు వందల ఏళ్ల ముందు, 1694లో, జర్మనీకి చెందిన కెమెరేరియస్. ఆయన ఎంచుకున్న మొక్కల్లో మన ఆముదం కూడా ఉంది. మగపూలను ముందే తుంచేస్తే ఆముదానికి గింజ కట్టలేదు.

గింజకూ కాయకూ ఉన్న ఈ బంధానికి మంచి రుజువు 1950లో దొరికింది. స్ట్రాబెర్రీ పండు పైన చుక్కల్లా అంటుకుని ఉండేవాటిలోనే దాని గింజలుంటాయి. నిచ్ అనే శాస్త్రవేత్త ఎదుగుతున్న పండు మీద ఆ చుక్కలన్నీ గిల్లేస్తే పండు పెరగడం ఆగిపోయింది. కొన్నిటిని మాత్రమే వదిలితే, అవి ఉన్న చోటే కండ ఉబ్బి పండు వంకరపోయింది. గింజల బదులు ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను పూస్తే మళ్లీ పెరిగింది. అంటే గింజ తనలో ఆక్సిన్ తయారుచేసి, 'ఇక్కడ నేనున్నాను, ఇటు తిండి పంపు' అని కబురు పెడుతోందన్నమాట. ఇది చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. దోస పాదులో ఒక పక్క లావుగా, ఇంకో పక్క పీలగా ఉన్న వంకర కాయను నిలువునా కోసి చూడండి. చాలాసార్లు పీలగా ఉన్న పక్క గింజలు సరిగా కట్టి ఉండవు.

వేరుశనగ ఇంకా విచిత్రం. ఈ సీమలో చెనిక్కాయ తెలియని ఇల్లు ఉండదు గానీ, అది చేసే పనిని నిలబడి చూసేవారు తక్కువ. పసుపు పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, తన పుప్పొడితో తానే కలుస్తుంది, ఎండెక్కేసరికి వాడిపోతుంది. పువ్వు పైకి కనిపించినా అండాశయం మాత్రం కింద ఆకు మొదట్లో దాగి ఉంటుంది, పుప్పొడి గొట్టం అంత దూరమూ దిగి రావాలి. అది చేరి కలయిక జరిగితేనే అండాశయం కింది కణాలు సాగి ఊడ మొదలవుతుంది. ఆ ఊడ లేత పిండాన్ని కొన మీద మోసుకుంటూ నేలలోకి దిగుతుంది. పిండం ఎదుగుదల దాదాపు ఆగిపోయి ఉంటుంది. మట్టిలోపల చీకటి తగిలాకే ఊడ కొన అడ్డం తిరిగి కాయగా ఉబ్బుతుంది, లోపల గింజ మళ్లీ కదులుతుంది. పైన గట్టి పొర కట్టిన నేలలో ఊడలు దిగలేక ఎండిపోతాయి, కొమ్మ పైభాగాన పూసిన పువ్వు ఊడ నేలను అందుకోలేదు. అందుకే నిండా పూసిన చేను కాయ పెరికేటప్పుడు వెలవెలబోవచ్చు. ఇంకో చిక్కుంది. నేలలోపలి కాయకు వేరు నుంచి సున్నం సరిగా అందదు, చుట్టూ ఉన్న మట్టి నుంచే అది నేరుగా పీల్చుకోవాలి. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయమనేది ఇందుకే. సున్నం చాలకపోతే పెంకు ఉంటుంది, లోపల గింజ ఉండదు. అలాంటి తాలుకాయను చూపించి, గింజ లేకుండా కాయ వచ్చిందిగా అని అడగొచ్చు. గింజ మొదలయింది కాబట్టే ఊడ దిగింది, పెంకు కట్టింది. ఆ తర్వాత గింజ చచ్చిపోయింది.

దీనికంటే బలమైన అభ్యంతరం అరటి. పులివెందుల ప్రాంతానికి పేరు తెచ్చిన జి-9 అరటిలో గింజే ఉండదు, అయినా గెల బరువుకు చెట్టుకు ఊతం పెట్టాలి. గింజే కాయను నిలబెడుతుందంటే ఇదెలా? అరటిలో రెండు సంగతులు కలిశాయి. ఒకటి, పుప్పొడి తగలకపోయినా కాయ ఉబ్బే గుణం. గింజ పంపాల్సిన కబురును ఇక్కడ కాయ గోడలే పుట్టించుకుంటాయి. రెండోది, జి-9లో క్రోమోజోముల సెట్లు రెండు కాదు, మూడు, మొత్తం 33. మూడింటిని సమంగా పంచడం కుదరదు గనక పుప్పొడీ అండమూ దాదాపు గొడ్డుపోతాయి. పండు మధ్యలో కనిపించే నల్లటి చుక్కలు ఎదగని అండాలే. అడవి అరటిలో వాటి స్థానంలో కొరికితే పన్ను విరిగేంత గట్టి గింజలుంటాయి. గెలలో మొదటి హస్తాలన్నీ ఆడపూలవి, కొసన వేలాడేది మగపువ్వు. దానికి ఇక్కడ చేసే పనేమీ లేదు గనక రైతు దాన్ని కోసేస్తాడు, ఆ తిండి కాయలకు పోతుంది. ఇలా నియమం తప్పిన మొక్కను మనిషి ఏరి, పిలకలతో వేల ఏళ్లు కాపాడుకుంటూ వచ్చాడు. అడవిలో దాన్ని వదిలేస్తే విత్తు లేని దాని కథ పిలకలు పాకినంత మేరకే.

మరి చీనీకి పిందె రాలకుండా ప్లానోఫిక్స్ కొడితే నిలుస్తోంది కదా అనేవారున్నారు. నిలుస్తుంది. ఆ మందు ఆక్సిన్ జాతిదే, గింజ పంపే కబురుకు నకలు. అందుకే ఆ అనుభవం నా వాదాన్ని కాదనడం లేదు, బలపరుస్తోంది. కాకపోతే కబురు పంపినంత మాత్రాన కొట్టు నిండదు. ఆకులు తయారుచేసే చక్కెర ఎంతో అంతే. మోతాదు పెంచితే ఇదే మందు పిందెను రాలుస్తుంది, కొన్ని దేశాల్లో పిందెను పలచన చేయడానికే వాడతారు. అలాగని ప్రతి రాలుడూ మంచిదే అనడం లేదు. ఎండిన పాదుకు ఒక్కసారిగా నీళ్లు పెట్టడం, రసం పీల్చే రెక్కల పురుగు, తొడిమ కుళ్లు, వీటివల్ల పెద్ద కాయ రాలితే అది నిజమైన నష్టం. పూత, పిందె దశలో రాలేదాన్నీ, కాయ పెద్దదయ్యాక రాలేదాన్నీ ఒకే మందుతో ఎదుర్కోవడమే తప్పు.

పుప్పొడి మోసేవారి సంగతి కూడా ఈ లెక్కలోదే. వేరుశనగకు, నల్లరేగడిలో వేసే శనగకు తేనెటీగతో పెద్ద పని లేదు. చీనీ కూడా తన పుప్పొడితో కట్టగలదు. దోస, పుచ్చ, పొద్దుతిరుగుడు అలా కాదు. దోసలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, మధ్యవర్తి రాకపోతే పిందె పసుపుబారి రాలుతుంది. తేనెటీగలు తగ్గిన చోట పొద్దుతిరుగుడు పూలను పొద్దున 9 నుంచి 11 లోపు మెత్తటి గుడ్డతో రుద్దమని వ్యవసాయ శాఖ చెబుతుంది, అంటే ఈగ ఉచితంగా చేసే పనికి మనం కూలి ఇస్తున్నాం. పూత మీద ఉదయం పూట పురుగుమందు కొట్టడం ఈ కూలిని పెంచుకోవడమే.

గింజను వదిలించుకోవడానికి మాత్రం ధర ఉంది, దాన్ని అరటే చెల్లిస్తోంది. రెండు వేర్వేరు మొక్కలు కలిసినచోట ప్రతి గింజా కొత్త కలగలుపు. ఒక తెగులుకు చాలా మొక్కలు పోయినా కొన్ని నిలవొచ్చు. టిష్యూకల్చర్ జి-9 తోటలో వెయ్యి చెట్లూ ఒకే చెట్టు. గెలలన్నీ ఒకేసారి కోతకు రావడం వ్యాపారానికి వరమే, ఎగుమతి నిలబడింది దాని మీదే. కానీ తెగులుకూ అది వరమే. మధ్య అమెరికాలో గ్రాస్ మిషెల్ అనే రకాన్ని పనామా తెగులు 1960 నాటికి దాదాపు తుడిచిపెట్టింది, దాని స్థానంలో వచ్చిందే జి-9 కుటుంబమైన కావెండిష్. ఇప్పుడు ఆ కావెండిష్‌ను పట్టే కొత్త పనామా తెగులు బీహార్‌లోనూ కనిపించింది. తట్టుకునే రకం కావాలంటే మళ్లీ పుప్పొడి, అండం కలవాలి. అందుకే అరటి ప్రజననకారులు చేత్తో పుప్పొడి పూసి, పండిన పండ్లను పిసికి జల్లెడ పట్టి గింజ కోసం వెతుకుతారు. దొరికిన కాసిని గింజలూ చాలాసార్లు మట్టిలో మొలవవు, లోపలి పిండాన్ని తీసి గాజు సీసాలో పెంచాల్సి వస్తుంది.